"నీతోని అయితదా?" – సామర్థ్యం అనే మాట నడిచిన దారి



ఈసారి ఒక మాట చరిత్ర చూద్దాం. ఇంగ్లీషులో దాన్ని కాంపిటెన్స్ అంటారు. బడి పుస్తకాల్లో సామర్థ్యం అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో అర్హత అని, పాత దస్తావేజుల్లో యోగ్యత అని రాస్తారు. మన రెంజల్ దిక్కు పొలం గట్టు మీద మాత్రం ఈ మూడూ వినబడవు. "ఈ పని నీతోని అయితదా?" అని అడుగుతారు. "వానికి చాతగాదు" అని తేల్చేస్తారు. బాగా పని చేసేవాణ్ణి "లాయఖు మనిషి" అంటారు. కోపం వస్తే "నాలాయఖ్" అని తిడతారు.

చిన్న మాటలే. కానీ ఒక మనిషి బతుకు ఈ మాటల మీద తిరుగుతుంది. పదో తరగతి తప్పిన పిల్లవాడికి "నీకు చాతగాదు" అని ఒక్కసారి చెబితే ఆ మాట వాడి వెంట నలభై ఏళ్లు నడుస్తుంది. సంఘంలో ప్రార్థన చేయమంటే "నాతోని కాదయ్యా" అని వెనక్కి జరిగే అక్కలు ఎందరో ఉన్నారు. అందుకే ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరి మీద వాడారు, మన జిల్లాలో అది ఏం చేసింది అన్నది తెలుసుకోవడం మంచిది.

మాటల లోపల ఏముంది?

మన మండలంలోని కందకుర్తి దగ్గర గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. మన మాటలూ అట్లాగే కలిశాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే నోట్లో తిరుగుతాయి. లాయఖ్, లియాఖత్ అన్నవి అరబీ నుండి ఉర్దూలోకి, ఉర్దూ నుండి మనలోకి వచ్చాయి. వాటి మూలార్థం 'తగి ఉండడం', 'అమరడం'. చెప్పు కాలికి అమరినట్టు మనిషి పనికి అమరాలి. బలం, తెలివి అన్న అర్థాలు తర్వాత వచ్చి చేరాయి.

సంస్కృతం వైపు చూస్తే యోగ్యత అన్నది 'యుజ్' అనే ధాతువు నుండి వచ్చింది. కలపడం, కాడికి కట్టడం అని దాని అర్థం. సమర్థ అనే మాటను పాణిని వ్యాకరణం ఒక చిత్రమైన చోట వాడుతుంది. రెండు పదాలు కలిసి సమాసం కావాలంటే వాటికి సామర్థ్యం ఉండాలంటుంది. అంటే రెండింటి అర్థాలు ఒకదానికొకటి పొసగాలి. పక్కపక్కన ఉన్నంత మాత్రాన కలవవు. ఇక ఇంగ్లీషు మాట లాటిన్ నుండి వచ్చింది. దాని మొదటి అర్థం 'కలిసి ఒక చోటికి చేరడం, సరిపడడం'. పోటీ పడడం అనే అర్థమున్న కాంపీట్ అన్న మాట కూడా ఆ వేరు నుండే మొలిచింది. ఒకే తల్లికి ఇద్దరు పిల్లలు: ఒకరు పొసగడం, ఒకరు పోటీ. ఈనాడు మనం రెండోవాణ్ణి పట్టుకుని మొదటివాణ్ణి మరచిపోయాం.

రెండు మూడు వందల ఏళ్ల కింద ఇంగ్లీషువారు ఇదే మాటను ఇంకో అర్థంలో కూడా వాడేవారు. ఒక కుటుంబం అప్పులు లేకుండా మర్యాదగా బతకడానికి చాలినంత ఆదాయాన్ని 'ఒక కాంపిటెన్స్' అనేవారు. అది గొప్ప ఆస్తి కాదు. చాలినంత, అంతే.

ఇక్కడ మన తెలుగు దగ్గర ఆగాలి. ఎందుకంటే మన భాషలో ఈ సంగతి ఇంకా లోతుగా ఉంది. 'చేయగలను' అనడానికి పాత తెలుగులో నాలుగు దారులున్నాయి.

చేయగలను: ఇందులో 'కల' ఉంది. నా దగ్గర ఉంది కాబట్టి చేస్తాను.

చేయనేర్తును: ఇందులో 'నేర్చు' ఉంది. నేర్చుకున్నాను కాబట్టి చేస్తాను. పాత బైబిలు తెలుగులో కనబడే 'నేరడు' అంటే చేయలేడు. లోపల ఉన్న మాట మాత్రం నేర్పే.

చేయజాలుదును: ఇందులో 'చాలు' ఉంది. నేను ఈ పనికి చాలుతాను. 'చేయజాలడు' అంటే చాలడు.

చేయనోపుదును: ఇందులో 'ఓపు' ఉంది. భరించగలను, ఓపిక ఉంది కాబట్టి చేస్తాను.

ఉండడం, నేర్వడం, చాలడం, ఓపడం. ఈ కాలపు వాడుకలో మొదటిది ఒక్కటే బలంగా మిగిలింది. అందుకే సామర్థ్యం అంటే కొందరి దగ్గర పుట్టుకతో ఉండేది, కొందరి దగ్గర లేనిది అని మనకు అనిపిస్తుంది. మన జిల్లా చరిత్ర చూస్తే మిగిలిన మూడింటి విలువ తెలుస్తుంది.

నేర్చినవాడిదే నీళ్లు

1923లో మంజీర మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో పూర్తయింది. సుమారు 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లెక్క. ఆ ప్రాజెక్టుకు పెద్ద ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877లో హైదరాబాదులో పుట్టినవాడు. ఇంగ్లండులో కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వచ్చాడు. ఆయన పుట్టిన జూలై 11ను ఈనాడు తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం.

ఇందులో విశేషం ఏమిటంటే, ఆ కాలంలో హైదరాబాదు రాజ్యంలో "స్థానికులకు చాతగాదు" అన్న మాట గట్టిగా నడిచేది. సాలార్‌జంగ్ కాలం నుండి ఉత్తర హిందుస్థానం వైపు నుండి చదువుకున్నవారిని పిలిపించి కొలువుల్లో పెట్టడం అలవాటైంది. పరిపాలన బాగుపడింది, నిజమే. కానీ ఇక్కడివాళ్లు పక్కకు జరిగారు. ఆ బాధలోనుండే ముల్కీ, గైర్ ముల్కీ అన్న గొడవ పుట్టింది. 1919లో వచ్చిన ముల్కీ నిబంధనలు 15 ఏళ్ల నివాసం అడిగాయి. ఆ వాదన నడుస్తున్న రోజుల్లోనే ఒక హైదరాబాదీ మంజీరకు అడ్డంగా ఆ కట్ట కట్టి నిలబెట్టాడు. నేటికీ మన బోధన్ డివిజన్ కాలువల్లో పారే నీళ్లు ఆ పాత వాదనకు ఒక జవాబు.

నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుండి రైతు కుటుంబాలు వచ్చి భూములు కొన్నాయి. వాళ్లు దిగిన చోట్లు ఇప్పటికీ 'క్యాంపు'లుగానే పేరు మోస్తున్నాయి. కాలువ కింద వరి, చెరకు సాగు చేయడం వాళ్లకు అలవాటైన పని. వాళ్ల నుండి మనవాళ్లు చాలా నేర్చుకున్నారు. కానీ నేర్పడంతోపాటు ఒక మాట కూడా స్థిరపడింది: "మేము వచ్చేదాకా వీళ్లకు వ్యవసాయం చాతగాదు." ఇది చరిత్రకు నిలవదు. రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి, 13వ శతాబ్దం దిక్కువి. గొలుసుకట్టు చెరువుల కింద వరి పండించిన జాతికి నీళ్ల సంగతి తెలియదనడం ఎట్లా కుదురుతుంది? తెలియనిది పెద్ద కాలువ పద్ధతి. అది నేర్చుకున్నారు. వచ్చినవాళ్లూ ఇక్కడి నల్లరేగడిని, ఇక్కడి వానలను, ఇక్కడి మాటను నేర్చుకున్నారు. ఈనాడు మనుమల తరంలో ఎవరిది ఎవరు నేర్చారో చెప్పడం కష్టం. 'నేరడు' అన్న మాటకు మందు 'నేర్చు' అన్న మాటలోనే ఉంది.

ఒక్క రాత్రిలో అనర్హులు

సామర్థ్యం మనిషి ఒక్కడిలో ఉండదు, మనిషికి చోటుకు మధ్య ఉంటుంది అని మూలార్థం చెప్పింది గదా. దీనికి మన హైదరాబాదు చరిత్రలో ఇంకో గట్టి రుజువు ఉంది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఉన్నత చదువు అంతా ఉర్దూలో. వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం కూడా ఉర్దూలోనే చెప్పారు. దానికోసం పుస్తకాలు తర్జుమా చేసే శాఖనే పెట్టారు. తహసీలు కచేరీ మొదలు హైకోర్టు దాకా ఉర్దూ వచ్చినవాడే సమర్థుడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత్‌లో కలిసింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలో పాలన, చదువు ఇంగ్లీషు వైపు తిరిగాయి. నిన్నటిదాకా దస్తావేజు చకచకా రాసిన గుమాస్తా ఇంగ్లీషు కాగితం ముందు తడబడ్డాడు. ఆయన తెలివి ఏమీ తగ్గలేదు. చెయ్యి ఏమీ వణకలేదు. కింద ఉన్న నేల జరిగిపోయింది, అంతే. పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ అన్న మాటలు మన భూముల కాగితాల్లో ఇంకా ఉన్నాయి. వాటిని చదివి అర్థం చెప్పగల పెద్దమనుషుల కోసం జనం ఎంతో కాలం ఇంటింటికి తిరిగారు. కచేరీకి పనికిరానివాడు ఊరికి అక్కరకు వచ్చాడు.

అదే కాలంలో "అర్హులు స్థానికంగా దొరకడం లేదు" అన్న కారణంతో బయటివారి నియామకాలు జరిగాయని 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరులో హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తన నివేదికలో తెలంగాణవారి భయాన్ని రాసింది: చదువులో ముందున్న కోస్తావారి మధ్య మేము మునిగిపోతామన్న భయం. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం ఆ భయానికి మందుగా రాసుకున్నదే. ఆ తర్వాతి కథ మీకందరికీ తెలుసు. రాజకీయం ఎవరికి ఎట్లా అనిపించినా ఒక్క సంగతి గమనించండి. ఒక జనాన్ని "వీళ్లకు అర్హత లేదు" అన్న మాట ఎంత లోతుగా కోస్తుందో, ఆ గాయం ఎన్ని తరాలు ఉంటుందో మన రాష్ట్రమే సాక్ష్యం.

చట్టం ఈ మాటను ఎట్లా వాడింది?

ఆశ్చర్యంగా, ఈ విషయంలో చట్టం మనకంటే దయ గలది. 1872లో వచ్చిన సాక్ష్య చట్టం సాక్షిగా నిలబడే సామర్థ్యం ఎవరికి ఉందో చెప్పేటప్పుడు "అందరికీ" అని మొదలుపెట్టింది. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని తెలివైన జవాబు చెప్పలేని స్థితి ఉందని కోర్టుకు అనిపిస్తే తప్ప, ప్రతి మనిషీ సమర్థుడైన సాక్షే. పిల్లవాడని, ముసలివాడని ముందే తోసెయ్యడానికి వీల్లేదు. మాట రానివాడు సైగల ద్వారా, రాత ద్వారా సాక్ష్యం చెప్పవచ్చు. అదే ఏడు వచ్చిన ఒప్పందాల చట్టం కూడా చదువు అడగలేదు, కులం అడగలేదు. మైనారిటీ తీరాలి, మనసు స్థిమితంగా ఉండాలి, మరే చట్టమూ అడ్డు చెప్పకూడదు. అంతే.

మనం దీనికి తలకిందులుగా నడుస్తాం. "ముందు నీకు చాతనైతదని చూపించు" అంటాం. చట్టం మాత్రం చాతగాదని అనుమానించేవాడి మీద భారం పెడుతుంది. మన సంఘాల్లో, మన ఇళ్లల్లో ఈ ఒక్క పద్ధతి పాటించినా ఎంత మేలు!

అయితే కొన్ని పనులకు రుజువు అడగడం న్యాయమే. బాయిలర్ల చట్టం కింద ఆవిరి బాయిలర్ నడిపేవాడికి సామర్థ్య పత్రం ఉండాలి. ఒకటో తరగతి, రెండో తరగతి అని వేరువేరుగా పరీక్ష పెట్టి ఇస్తారు. ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే చచ్చేది పక్కవాడు. ప్రాణాలతో ముడిపడ్డ చోట కొలత కావాలి. ఆ కొలతను మనిషి విలువకు కొలతగా మార్చినప్పుడే అన్యాయం మొదలవుతుంది.

శక్కర్‌నగర్ చేతులు

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ నీళ్లు, రుద్రూరు చెరకు పరిశోధన కేంద్రం, ఈ ఫ్యాక్టరీ, మూడూ ఒకదానికొకటి పొసిగాయి. ఆ పొసగడమే ఈ ప్రాంతానికి తిండి పెట్టింది.

చక్కెర వండడం పుస్తకాల పని ఒక్కటే కాదు. ఊళ్లో బెల్లం వండేవాడు పాకాన్ని చల్లనీళ్లలో చుక్క వేసి వేళ్లతో నొక్కి చూసినట్టే, ఫ్యాక్టరీలో పాన్ దగ్గర నిలబడేవాడు మరుగుతున్న రసంలోనుండి కొంచెం తీసి గాజు పలక మీద పరిచి గింజ కట్టిందా లేదా అని చూస్తాడు. వేడి ఎంత, ఎప్పుడు కొత్త రసం వదలాలి, ఎప్పుడు దించాలి అన్నది కన్ను చెప్పాలి, వేలు చెప్పాలి. ఒక సీజన్‌లో ఇది రాదు. పక్కన నిలబడి నేర్చుకోవాలి. అమెరికాలో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. మనుషులకు తెలివి పరీక్షలు పెట్టే బదులు పనిలో కనబడే సామర్థ్యాన్ని చూడండని ఆయన వాదన. ఈనాడు కంపెనీల్లోనూ, 2020 జాతీయ విద్యా విధానంలోనూ వినబడే 'సామర్థ్య ఆధారిత' అన్న మాటకు ఆయన వ్యాసం ఒక పెద్ద ఊపు. పాన్ దగ్గర నిలబడ్డ మేస్త్రీకి ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఎవరిది తప్పు అన్న వాదనలోకి నేను వెళ్లను. కానీ కాపరిగా ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు జీతం ఒక్కటే పోలేదు. ముప్పై ఏళ్లు నేర్చిన నేర్పుకు చోటు లేకుండా పోయింది. బాయిలర్ పత్రం పెట్టెలో ఉంది, బాయిలర్ లేదు. చెయ్యికి గింజ తెలుసు, పాన్ లేదు. అటువంటి ఇంట్లో కూర్చుంటే మొదట వినబడే మాట "ఇగ నేను దేనికీ పనికిరాను పాస్టర్‌గారూ" అన్నదే.

ఆ అన్నలకు నేను చరిత్రలోనుండే జవాబు చెబుతాను. అన్నా, ఉర్దూ గుమాస్తా తెలివి 1948లో చచ్చిపోయిందా? లేదు. చోటు మారింది. నీ నేర్పు నీ నుండి ఎవరూ తీసుకోలేదు. దానికి పొసిగే చోటు పోయింది. ఈ రెండూ ఒకటి కావు. రెండో దానికి దుఃఖపడు, న్యాయమే. మొదటి దాన్ని నమ్మకు, అది అబద్ధం.

ఓపినవారు, చాలినవారు

ఇక మన జిల్లా దేవుని పనిలోకి వద్దాం. ఇజబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు 1875లో రైతు ఇంట్లో పుట్టింది. అబెర్దీన్‌లో 1903లో వైద్య పట్టా తీసుకుంది. ఆడవాళ్లు డాక్టర్లు కాగలరా అన్న సందేహం ఇంకా వీడని రోజులవి. 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి మన దేశానికి వచ్చింది. నిజామాబాదులో కుష్ఠు రోగులను చూసింది. అప్పుడు ఆ జబ్బుకు నమ్మకమైన మందే లేదు. వాళ్ల కోసం మొదలుపెట్టిన చిన్న పని చాలక, 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి నిలబడింది. దానికి అండగా నిలిచినవాడు నిజామాబాదుకు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్. తర్వాత అడవిబాదం జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే వైద్యం వచ్చింది. ఆ సూది నొప్పి పెట్టేది, నెలల తరబడి పొడవాలి. వైద్యురాలికీ రోగికీ ఇద్దరికీ కావలసింది ఓపికే. 1932లో ఆమె చనిపోయింది.

ఇక్కడ సామర్థ్యం ఎవరిది? వైద్యం తెలిసిన ఆమెదా, ధనం ఉన్న నర్సాగౌడ్‌దా, సూది నొప్పి ఓర్చిన రోగిదా? ముగ్గురిలో ఎవరు లేకున్నా డిచ్‌పల్లి లేదు. పొసగడం అంటే ఇదే.

ఇంకొకరు దోర్నకల్‌లో. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తమిళ దేశంలో పుట్టాడు. మద్రాసు క్రైస్తవ కాలేజీలో చదివాడు గాని పట్టా లేకుండానే బయటికి వచ్చాడు. తెలుగు మాతృభాష కాదు, నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. అంతకుముందు ఎంత గొడవ! భారతీయుడు బిషప్పుగా నిలవగలడా, తెల్ల గురువులు ఆయన కింద పని చేస్తారా అని అనుమానపడినవాళ్లు చాలామంది. రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరో సభలో ఆయన మిషనరీలను సూటిగా అడిగాడు: మీరు మాకు డబ్బు ఇచ్చారు, త్యాగం చేశారు, ఇక స్నేహం కూడా ఇవ్వండి అన్నది ఆయన మాటల సారాంశం. తర్వాత 32 ఏళ్లు, 1945 జనవరి 1న కన్ను మూసేదాకా, దోర్నకల్ మేత్రాసనాన్ని నడిపాడు. వేలమంది మాల, మాదిగ కుటుంబాలు ఆయన కాలంలో సంఘంలోకి వచ్చాయి. అక్షరం రాని ఆ మనుషులను ఆయన "ముందు నేర్చుకోండి, తర్వాత సాక్ష్యం చెప్పండి" అనలేదు. బాప్తిస్మం రోజే తమ చేయి తమ తల మీద పెట్టుకుని సువార్త చెప్పే బాధ్యత నాదే అని ఒప్పుకోమనేవాడు. తన మీద పడ్డ "చాతనైతదా" అన్న ప్రశ్నను ఆయన పేదల మీద వెయ్యలేదు. ఇది చాలా గొప్ప సంగతి. మనలో ఎక్కువమంది పైవాడు మనల్ని అడిగిన ప్రశ్నను కిందివాడి మీద ఇంకా గట్టిగా వేస్తాం.

లేఖనంలో ఈ మాట

కొత్త నిబంధన గ్రీకులో సామర్థ్యానికి వాడిన ఒక ముఖ్యమైన మాట 'హికనోస్'. దాని అర్థం 'చాలిన' అని. మన 'చేయజాలు' లాంటిదే! బాప్తిస్మమిచ్చు యోహాను యేసు చెప్పులు మోయడానికి తాను చాలనన్నాడు (మత్తయి 3:11). శతాధిపతి తన ఇంటికి ప్రభువు రావడానికి తాను చాలనన్నాడు (మత్తయి 8:8). అపొస్తలుడని పిలిపించుకోవడానికి తాను చాలనని పౌలు రాశాడు (1 కొరింథీ 15:9). యేసుకు ముందే గ్రీకులోకి వెళ్లిన పాత నిబంధనలో, పొద దగ్గర మోషే తన నోటి మాంద్యం గురించి చెప్పిన చోట కూడా ఇదే మాట (నిర్గమ 4:10). చాలను అన్నవాళ్ల పట్టిక చూస్తే దేవుడు వాడుకున్నవాళ్ల పట్టికలాగే ఉంటుంది.

రెండో కొరింథీ పత్రికలో పౌలు ముందు ఒక ప్రశ్న వేస్తాడు: ఇటువంటి పనికి చాలినవాడెవడు? (2:16). తర్వాత అధ్యాయంలో జవాబు: మా సామర్థ్యం మాలోనుండి పుట్టింది కాదు, దేవుని వలన కలిగింది (3:5–6). ఇది సోమరితనానికి సాకు కాదు సుమా. అదే దేవుడు గుడారం పని కోసం బెసలేలును పేరుపెట్టి పిలిచి ఆత్మతో నింపినప్పుడు, ఇచ్చింది బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర పనిలో నేర్పు (నిర్గమ 31). ఇంకొకరికి నేర్పించే మనసు కూడా ఇచ్చాడు (35:34). పాన్ దగ్గర గింజ చూసే వేలు, సూది పట్టే చెయ్యి, నాటు వేసే వంగిన నడుము, అన్నీ ఆ వరసలోవే.

తలాంతుల ఉపమానం కూడా మళ్లీ చదవండి (మత్తయి 25:15). ప్రతివాడి సామర్థ్యం చొప్పున తలాంతులు ఇచ్చాడని ఉంది. అంటే తలాంతు సామర్థ్యం కాదు. తలాంతు ఒక బరువు, ఒక సొమ్ము, అప్పగించిన నమ్మకం. ఇంగ్లీషులో టాలెంట్ అంటే ప్రతిభ అన్న అర్థం ఈ ఉపమానం వల్లనే తర్వాత పుట్టింది. ఒక్క తలాంతువాడు ఓడింది తక్కువ దొరికినందుకు కాదు. భయపడి పాతిపెట్టినందుకు.

మనం ఏం చేయాలి?

మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

పిల్లలను "నీకు చాతగాదు" అనకండి. "నీకు ఇంకా నేర్వలేదు" అనండి. తెలుగే ఆ దారి మనకు ఇచ్చింది.

ఎవరినైనా పనికిరాడు అనే ముందు, పని అతనికి పొసగలేదా, మనిషే పనికి పొసగలేదా అని చూడండి. చోటు మార్చి చూడండి. సంఘంలో పాట రాని తమ్ముడికి లెక్కలు బాగా రావచ్చు. నలుగురి ముందు ప్రార్థన చేయలేని అక్క రోగి పక్కన రాత్రంతా కూర్చోగలదు. ఆమెకు ఓపు ఉంది, అది తక్కువ సామర్థ్యం కాదు.

మీ గురించి మీరు "నాతోని కాదు" అనుకునే రోజున ఆ వాక్యంలోని మొదటి మాటను పట్టుకోండి. నా'తోని' కాదు, నిజమే. ఎవరితోని అయితదో ఆయనతో కలిసి నిలబడండి. కాడి రెండు మెడల మీద పడేదే గదా.

ప్రభువా, చాతగాదని మాతో అన్నవారిని క్షమించు. మేము ఎవరిని అట్లా అన్నామో వారి దగ్గరికి మమ్మల్ని పంపు. మూతపడ్డ పనుల ముందు నిలబడ్డ మా అన్నదమ్ముల చేతులకు మళ్లీ చోటు చూపించు. ఈ రోజుకు మాకు చాలినంత ఇయ్యి. ఆమేన్.